24 చాలా, 27 కావాలా? గేమింగ్ మానిటర్‌పై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో గేమింగ్ మానిటర్ గురించినవి ఎక్కువగా ఉన్నాయి. ఎన్ని అంగుళాలది కొనాలి, ఏ రిజల్యూషన్ (తెర మీది చుక్కల సంఖ్య) తీసుకోవాలి, కొన్నాక ఎందుకు సరిగా పనిచేయడం లేదు అని అడిగారు. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాను. పీసీలో ఆర్‌టీఎక్స్ 4060 కార్డు, 8 జీబీది ఉంది. బల్ల లోతు రెండడుగులు. షాపులో 24 ఇంచుల ఫుల్ హెచ్‌డీ, 27 ఇంచుల ఫుల్ హెచ్‌డీ రెండూ కొంచెం తేడాతో ఒకే రేటు చెప్తుండారు. అదే రేటుకి పెద్దది వస్తుంటే చిన్నది ఎందుకు అని ఫ్రెండ్స్ అంటుండారు. ఏది తీసుకోవాల? (ఒక విద్యార్థి, సి.క్యాంపు, కర్నూలు)

జవాబు: ఫుల్ హెచ్‌డీయే అయితే 24 తీసుకోండి. 27 కావాలంటే 1440పి రిజల్యూషన్ ఉన్నదే తీసుకోండి. 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మాత్రం వద్దు. ఆ రేటు చూసి మోసపోయేవాళ్లే ఎక్కువ.

ఫుల్ హెచ్‌డీ అంటే అడ్డం 1920, నిలువు 1080, మొత్తం 20.7 లక్షల చుక్కలు. తెర పెద్దదైనంత మాత్రాన చుక్కలు పెరగవు, ఉన్నవే లావవుతాయి. గరిటెడు పిండిని పెద్ద పెనమంతా పరిస్తే దోసె పలచబడినట్టే. 24 అంగుళాల తెరలో అంగుళానికి దాదాపు 92 చుక్కలు పడతాయి. 27లో అవే 82కి దిగుతాయి. అదే 27లో 1440పి, అంటే 2560×1440 తీసుకుంటే అంగుళానికి 109 వస్తాయి.

ఈ అంకెలు కంటికి ఎలా తెలుస్తాయంటే, చూపు సరిగా ఉన్నవారికి చుక్కలు విడివిడిగా కనపడకుండా కలిసిపోవాలంటే 24 ఫుల్ హెచ్‌డీకి సుమారు 95 సెంటీమీటర్ల దూరం కావాలి. 27 ఫుల్ హెచ్‌డీకి 107, 27 అంగుళాల 1440పికి 80 చాలు. మీ బల్ల 61 సెంటీమీటర్లు. స్టాండు వెనక్కి కొంత జాగా తీసుకుంటుంది, మీరు బల్ల అంచుకు కాస్త వెనక కూర్చుంటారు. లెక్కేస్తే కంటికీ తెరకూ మధ్య 60, 65 సెంటీమీటర్లు తేలుతుంది. ఆ దూరంలో 27 ఫుల్ హెచ్‌డీ మీద గేములో దూరంగా కనపడే శత్రువు తల నాలుగైదు గళ్ల ముద్దలా ఉంటుంది. తెలుగు చదివేటప్పుడైతే ఇంకా తేలిపోతుంది. ఇంగ్లిష్ అక్షరాలకు చుక్కలు తక్కువైనా బండి నడుస్తుంది గానీ, ‘స్త్ర’, ‘క్ష్మ’ లాంటి చోట్ల కింది వత్తులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. చదువుకీ ఇదే తెర వాడతారు కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

ఇక కార్డు సంగతి. 1440పి అంటే 36.9 లక్షల చుక్కలు, ఫుల్ హెచ్‌డీకి 1.78 రెట్లు. సెకనుకొచ్చే ఫ్రేములు (బొమ్మలు) సరిగ్గా అన్ని రెట్లు పడిపోవు గానీ, బరువైన గేముల్లో మూడో వంతు దాకా తగ్గొచ్చు. 4060కి వాలొరెంట్, సీఎస్2 లాంటి కాల్పుల గేములు 1440పిలో కష్టం కాదు. కొత్త భారీ గేముల్లో డీఎల్ఎస్ఎస్‌ను ‘క్వాలిటీ’లో పెట్టండి. అప్పుడు కార్డు లోపల 1707×960లోనే బొమ్మ గీసి, దాన్ని 1440పికి పెంచి చూపిస్తుంది. టెక్స్చర్లను (వస్తువుల పైపూత బొమ్మలను) అల్ట్రా నుంచి ఒక మెట్టు దించి ‘హై’లో ఉంచండి. 8 జీబీ మెమరీ నిండిపోతే సగటు ఫ్రేములు బాగానే కనిపిస్తూ మధ్యమధ్యలో ఆట తట్టుకుని ఆగుతుంది. అది మానిటర్ లోపం అనుకుని షాపుకు తిప్పి పంపేవాళ్లు ఉన్నారు.

ఫ్రేములు చాలలేదని 1440పి తెర మీద గేము రిజల్యూషన్‌ను 1080పికి దించకండి. ఒక చుక్కను 1.33 చుక్కలుగా సాగదీయాల్సి వస్తుంది. అది పూర్ణ సంఖ్య కాదు కాబట్టి అంచులన్నీ అలుక్కుపోతాయి. రిజల్యూషన్ 1440పిలోనే ఉంచి, డీఎల్ఎస్ఎస్ మార్చుకోవాలి.

కొనే ముందు పాత న్యూస్‌పేపరును కొలిచి కత్తిరించండి. 24కి 53×30 సెంటీమీటర్లు, 27కి 60×34, 32కి 71×40. మానిటర్ వచ్చే చోట గోడకు అంటించి, రోజూ కూర్చునే చోట కూర్చుని నాలుగు మూలలూ చూడండి. మూలనున్న మ్యాపు చూడటానికి కన్ను తిప్పితే చాలాలి. మెడ తిప్పాల్సి వస్తోందంటే ఆ సైజు మీ బల్లకు ఎక్కువ.

ప్రశ్న: 165 హెర్ట్జ్ మానిటర్ కొన్నాను. పాత 60 హెర్ట్జ్ దానికీ దీనికీ తేడా ఏమీ తెలియడం లేదు. షాపతను మంచిదే ఇచ్చినానంటాడు. మోసం జరిగిందా? (అనంతపురం, కమలానగర్)

జవాబు: మోసం అనే ముందు చూడాల్సినవి ఉన్నాయి. హెర్ట్జ్ అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో చెప్పే అంకె. పెట్టె విప్పి తగిలించిన వెంటనే విండోస్ చాలాసార్లు 60 దగ్గరే ఉండిపోతుంది. దానంతటదే 165కి ఎక్కదు.

మొదట పీసీ వెనక్కి వెళ్లి కేబుల్ ఎక్కడ గుచ్చారో చూడండి. మదర్‌బోర్డు సాకెట్లు పైభాగంలో యూఎస్‌బీల పక్కన ఉంటాయి. గ్రాఫిక్స్ కార్డు సాకెట్లు కింద అడ్డంగా ఉంటాయి. కేబుల్ కార్డుకే ఉండాలి. మదర్‌బోర్డుకు గుచ్చితే గేమూ మందగిస్తుంది, హెర్ట్జూ తగ్గుతుంది. తర్వాత కేబుల్ రకం చూడండి. డిస్‌ప్లేపోర్ట్ ఉంటే అదే వాడండి. హెచ్‌డీఎంఐ అయితే మీ మానిటర్ ఆ సాకెట్‌లో ఎంతవరకు తీసుకుంటుందో మాన్యువల్లో ఉంటుంది. డిస్‌ప్లేపోర్ట్‌లో 165 ఇచ్చి, హెచ్‌డీఎంఐలో 144కే ఆపేసే మోడళ్లు చాలా ఉన్నాయి. పాత హెచ్‌డీఎంఐ 1.4 సాకెట్ అయితే ఫుల్ హెచ్‌డీలో 120 దగ్గరే ఆగిపోతుంది. వీజీఏ కన్వర్టర్ మధ్యలో ఉంటే మాత్రం ఇంకేమీ చూడనక్కర్లేదు, ముందు దాన్ని తీసేయండి.

ఆ తర్వాత డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి, అక్కడి నుంచి అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్లి రిఫ్రెష్ రేటును 165కి మార్చండి. జాబితాలో 165 కనపడకపోతే లోపం కేబుల్‌లోనో, సాకెట్‌లోనో ఉన్నట్టు. మానిటర్ సొంత మెనూలో డిస్‌ప్లేపోర్ట్ వెర్షన్ 1.1 లేదా 1.2కి తగ్గించి ఉందేమో, ఓవర్‌క్లాక్ అనే మీట ఆపేసి ఉందేమో కూడా చూడండి. విండోస్‌లో మార్చాక గేములో కూడా వీడియో సెట్టింగ్స్ తెరవండి. కొన్ని గేములు ఫుల్‌స్క్రీన్‌కు వేరే రిఫ్రెష్ రేటు పట్టుకుని కూర్చుంటాయి, లేదా ఫ్రేములను 60 దగ్గర కట్టేసి ఉంచుతాయి.

సరిచేశారో లేదో తేల్చుకోవడం తేలిక. మౌస్ బాణాన్ని తెర మీద గుండ్రంగా వేగంగా తిప్పండి. 60లో బాణాలు దూరం దూరంగా కనపడతాయి, 165లో దగ్గరగా కలిసి తోకలా సాగుతాయి. 60లో ఒక్కో బొమ్మ 16.7 మిల్లీసెకన్లు నిలుస్తుంది, 165లో 6.1 మాత్రమే. ఈ తేడా తెలియని కన్ను ఉండదు.

ఇంకొక మాట. విడిగా దొరికే చవక డిస్‌ప్లేపోర్ట్ కేబుళ్లు కొనకండి. ప్రమాణం ప్రకారం కేబుల్‌లో 20వ పిన్ కలపకూడదు. నాసిరకం వాటిలో దాన్ని కలిపేస్తారు, మానిటర్ నుంచి కార్డులోకి కరెంటు వెనక్కి పారుతుంది. పీసీ ఆపినా కార్డు లైటు మినుకుమంటుండటం, ఒక్కోసారి పీసీ బూట్ కాకపోవడం దీనివల్ల కావచ్చు. పెట్టెలో మానిటర్‌తో వచ్చిన కేబుల్ ఉంటే అదే మేలు.

ప్రశ్న: మా తమ్ముడికి 4కే మానిటర్ అంటే మోజు. 27 ఇంచులది తెచ్చినాం. కార్డు జీటీఎక్స్ 1650. గేము సెకనుకు 15, 20 ఫ్రేములు కూడా రావడం లేదు. మానిటర్ మార్చమంటారా, కార్డు మార్చమంటారా? (తాడిపత్రి)

జవాబు: ప్రస్తుతానికి ఏదీ మార్చకండి. 4కే అంటే 3840×2160, దాదాపు 83 లక్షల చుక్కలు. ఫుల్ హెచ్‌డీకి సరిగ్గా నాలుగు రెట్లు. 1650 మోయగలిగింది ఫుల్ హెచ్‌డీ వరకే. కానీ మీకు ఒక అదృష్టం ఉంది. 4కే నుంచి 1080పికి దిగితే నిలువునా అడ్డంగా సరిగ్గా రెండేసి చుక్కలు కలిసి ఒక చుక్కవుతాయి. మొదటి జవాబులో చెప్పిన 1.33 చిక్కు ఇక్కడ లేదు.

విండోస్ డెస్క్‌టాప్‌ను 4కేలోనే ఉంచి స్కేలింగ్ (అక్షరాలు, బొమ్మల సైజు) 150 శాతం పెట్టండి. తెలుగు అక్షరాలు అచ్చు పుస్తకంలో ఉన్నంత నిగ్గుగా కనిపిస్తాయి. గేమును మాత్రం 1920×1080లో ఆడండి. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో డెస్క్‌టాప్ సైజు, పొజిషన్ సరిచేసే పేజీ తెరిచి, స్కేలింగ్‌ను ‘ఇంటిజర్ స్కేలింగ్’కి మార్చి, ‘జీపీయూ’ మీద చేయమని పెట్టండి. 1650లో ఆ సౌకర్యం ఉంది. ఈ కార్డుకు డీఎల్ఎస్ఎస్ లేదు గానీ అలాంటి పనే చేసే ఎఫ్ఎస్ఆర్ పనిచేస్తుంది. ఎఫ్ఎస్ఆర్ ఉన్న గేముల్లో 4కే పెట్టి ‘పెర్ఫార్మెన్స్’ ఎంచుకుంటే లోపల గీసేది 1080పియే. కాకపోతే పెంచే పనికీ కార్డు శక్తి ఖర్చవుతుంది కాబట్టి నేరుగా 1080పి పెట్టినప్పటికంటే ఫ్రేములు కొన్ని తగ్గుతాయి. రెండూ ప్రయత్నించి కంటికి ఏది బాగుంటే అది ఉంచుకోండి.

కార్డు తర్వాత ఎప్పుడో మారుతుంది, మంచి తెర పదేళ్లు ఉంటుంది. మీ తమ్ముడి ఎంపికను మేం తప్పనం.

ప్రశ్న: మావాడు ఇంటర్ రెండో ఏడు. గేములకీ, ఆన్‌లైన్ క్లాసులకీ మానిటర్ కావాలంటాడు. ఇంట్లో 32 ఇంచుల టీవీ ఊరికే ఉంది, దాన్నే పెట్టుకోరా అంటే వద్దంటాడు. పెద్ద తెర దగ్గరగా చూస్తే కళ్లు పాడవుతాయని నాకూ భయమే. (ఒక తల్లి, ఎర్రముక్కపల్లి, కడప)

జవాబు: అమ్మా, ఈ విషయంలో మీ అబ్బాయి మాటే సరైనది. 32 అంగుళాల టీవీల్లో చాలావాటి రిజల్యూషన్ 1366×768 మాత్రమే. వెనక ఉన్న లేబుల్ మీద గానీ, సెట్టింగ్స్‌లో గానీ ఒకసారి చూడండి. అంత తెర మీద 10.5 లక్షల చుక్కలంటే అంగుళానికి 49. హాల్లో ఎనిమిది పదడుగుల దూరం నుంచి సినిమా చూడటానికి అది చాలు. బల్ల మీద రెండడుగుల్లో పెడితే పాఠం పీడీఎఫ్ చదవలేడు. పైగా టీవీ బొమ్మను తనకు తోచినట్టు మెరుగుపరిచి చూపిస్తుంది, అందుకు సమయం పడుతుంది. మీట నొక్కాక బొమ్మ ఆలస్యంగా కదలడం, గేము ఆడేవాడికి మొదట తెలిసేది అదే.

డబ్బులు పెట్టడం ఇప్పుడు వీలుకాదనుకుంటే, టీవీలో మూడు మార్పులు చేసి కొన్నాళ్లు నెట్టుకు రావచ్చు. పిక్చర్ మోడ్‌ను ‘గేమ్’కి మార్చండి. అంచులు కత్తిరించినట్టు ఉంటే సైజు సెట్టింగ్‌లో ‘జస్ట్ స్కాన్’ లేదా ‘స్క్రీన్ ఫిట్’ పెట్టండి. ఎర్ర అక్షరాల చుట్టూ మసక ఉంటే ఆ హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ పేరును ‘పీసీ’ అని మార్చండి. టీవీని కనీసం నాలుగడుగుల దూరంలో ఉంచండి.

కొనగలిగితే 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ, ఐపీఎస్ రకం తెర (పక్క నుంచి చూసినా రంగులు పెద్దగా మారనిది), ఎత్తు తగ్గించి పెంచుకునే స్టాండు ఉన్నది తీసుకోండి. కళ్లకు అలసట తెర సైజు కంటే దూరం వల్ల, వెలుతురు వల్ల, రెప్ప వేయకుండా చూడటం వల్ల ఎక్కువ వస్తుంది. తెర పై అంచు కంటి మట్టానికి గానీ కొద్దిగా కిందకు గానీ ఉండాలి. కిటికీ తెరకు ఎదురుగా ఉంటే అందులో ప్రతిబింబం పడుతుంది, పక్కకు ఉండేలా బల్ల తిప్పండి. రాత్రి గది దీపం ఆర్పి ఆడనివ్వకండి. ప్రతి 20 నిమిషాలకు 20 అడుగుల దూరంలోని దేన్నైనా 20 సెకన్లు చూడమనండి. తలనొప్పి తరచూ వస్తుంటే మానిటర్ మార్చడం కాదు, ముందు కంటి డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: పీఎస్5 (ప్లేస్టేషన్ 5)కి 27 ఇంచుల 1440పి మానిటర్ సరిపోతుందా, 4కేనే కావాలా? ఫ్రీసింక్ ఉన్న మానిటర్ చూసినాను, అది పీఎస్5లో పనిచేస్తాదా? (ప్రొద్దుటూరు)

జవాబు: 1440పి సరిపోతుంది. పీఎస్5కి మొదట ఆ రిజల్యూషన్ లేదు, సెప్టెంబరు 2022 అప్‌డేట్‌తో వచ్చింది. అందుకే అంతకుముందు రాసిన సలహాల్లో ‘పీఎస్5కి 1440పి వద్దు’ అని కనపడుతుంది. ఇప్పుడు సెట్టింగ్స్‌లో స్క్రీన్ అండ్ వీడియో విభాగంలోకి వెళ్లి, 1440పి పరీక్ష ఒకటుంది, అది నడపండి. మానిటర్ హెచ్‌డీఎంఐ ద్వారా 1440పి తీసుకోగలిగితే అక్కడే తెలుస్తుంది.

ఫ్రీసింక్ దగ్గర మాత్రం జాగ్రత్త. గేములో ఫ్రేములు తగ్గినా పెరిగినా తెర తన వేగాన్ని దానికి సరిపెట్టుకోవడమే దీని పని. ఎక్స్‌బాక్స్ ఫ్రీసింక్‌ను తీసుకుంటుంది. పీఎస్5 తీసుకునేది అదే పని చేసే, హెచ్‌డీఎంఐ 2.1లో భాగమైన వీఆర్ఆర్‌ను మాత్రమే. హెచ్‌డీఎంఐ 2.0 సాకెట్ ఉన్న మానిటర్ మీద ‘ఫ్రీసింక్’ స్టిక్కర్ ఎంత మెరిసినా పీఎస్5కి అది లేనట్టే. పీఎస్5లో ఉన్నది హెచ్‌డీఎంఐ ఒక్కటే కాబట్టి డిస్‌ప్లేపోర్ట్ ఎంత గొప్పదైనా మీకు పనికిరాదు. 4కేలో 120 హెర్ట్జ్ కావాలన్నా సాకెట్ 2.1 ఉండాలి, 2.0 అయితే 4కేలో 60 దగ్గర ఆగుతుంది.

ఇంకొకటి అందరూ మరిచిపోయేది, శబ్దం. చాలా గేమింగ్ మానిటర్లకు స్పీకర్లు ఉండవు. వెనక హెడ్‌ఫోన్ సాకెట్ ఉందో లేదో చూసి కొనండి. లేకపోతే కంట్రోలర్‌కే ఇయర్‌ఫోన్ గుచ్చుకోవాలి.

ప్రశ్న: పది సిస్టంలతో గేమింగ్ సెంటర్ పెట్టాలనుకుంటున్నా. పిల్లలు ఆడేది ఎక్కువగా వాలొరెంట్, సీఎస్2. ఒక్కో సీటుకు మూడడుగుల బల్ల. 27 ఇంచుల కర్వ్‌డ్ పెడితే చూడ్డానికి బాగుంటాదని అనుకుంటున్నా. (ఆదోని)

జవాబు: చూడ్డానికి బాగుంటుంది, ఆడటానికి కాదు. మూడడుగులంటే 91 సెంటీమీటర్లు. మౌస్‌ను నెమ్మది సెన్సిటివిటీలో పెట్టి చెయ్యంతా ఊపి ఆడేవాళ్లే ఈ గేముల్లో ఎక్కువ, మౌస్‌కే 40, 45 సెంటీమీటర్లు కావాలి. పైగా ఈ ఆటల్లో తెర మొత్తం ఒక్క చూపులో అందాలి. 24 లేదా 24.5 అంగుళాల ఫుల్ హెచ్‌డీ, చదునైన ఐపీఎస్ తెర, 165 లేదా 180 హెర్ట్జ్, పదికి పదీ ఒకే మోడల్ పెట్టండి. ‘ఆ సీటు బాగుంటుంది’ అనే గొడవ రాదు. అదే మోడల్ ఇంకొకటి అదనంగా కొని పక్కన పెట్టుకోండి. ఒకటి రిపేరుకు పోతే ఆ సీటు నెలరోజులు ఖాళీగా ఉండకూడదు.

చవకలో దొరికే కర్వ్‌డ్ మానిటర్లు చాలావరకు వీఏ తెరలు. నలుపు బాగుంటుంది, కాంట్రాస్టు 3000:1 దాకా ఉంటుంది, ఐపీఎస్‌లో అది 1000:1 చుట్టూనే. కానీ వీఏలో ముదురు రంగు నుంచి కాస్త లేత రంగుకు చుక్క మారడానికి ఆలస్యమవుతుంది. చీకటి మూలలో మనిషి కదిలితే వెనక నల్లటి మసి పూసినట్టు తోక వస్తుంది. కాల్చే గేముల్లో ఇది పనికిరాదు.

240 హెర్ట్జ్‌కు వెళ్లాలా అంటే, లెక్క చూడండి. 60 నుంచి 144కి మారితే ఒక్కో ఫ్రేముకు 9.7 మిల్లీసెకన్లు కలిసొస్తాయి. 144 నుంచి 240కి వెళ్తే కలిసొచ్చేది 2.8 మాత్రమే. ఆ 240 ఫ్రేములను నిలకడగా ఇవ్వాలంటే గ్రాఫిక్స్ కార్డు కంటే ముందు ప్రాసెసర్ బాగుండాలి. ఆ డబ్బు ప్రాసెసర్‌లో, మంచి కుర్చీల్లో పెట్టడం మేలు. పెట్టె మీద ‘1 ఎంఎస్’ (ఒక మిల్లీసెకను స్పందన) అని ఉందని ఎక్కువ ఇవ్వకండి. కొన్నిటిలో అది బ్యాక్‌లైట్‌ను ఆర్పి వెలిగించి తెచ్చే అంకె, ఆ మోడ్‌లో తెర వెలుతురు పడిపోతుంది. ఇంకొన్నిటిలో ఓవర్‌డ్రైవ్‌ను (చుక్కల రంగు త్వరగా మార్చే సెట్టింగ్‌ను) చివరి మెట్టుకు పెడితేనే వచ్చేది, అప్పుడు కదిలే వస్తువు వెనక తెల్లటి నీడ కనపడుతుంది. ఓవర్‌డ్రైవ్‌ను మధ్య మెట్టులో ఉంచండి.

కరెంటు విషయం ఎలక్ట్రీషియన్‌తో ముందే మాట్లాడండి. ఒక్కో సిస్టం ఆడేటప్పుడు మానిటర్‌తో కలిపి 300 వాట్ల దాకా తీసుకుంటే పదింటికి 3000 వాట్లు, అంటే 13 ఆంపియర్లు. ఏసీ కాకుండానే. దాన్ని ఒకే లైను మీద వేయకుండా కనీసం రెండు లైన్లుగా విడదీయించండి, ఎర్తింగ్ సరిగా చేయించండి. మానిటర్ వాటా ఒక్కో సిస్టంలో పాతిక వాట్లే గానీ, ఓల్టేజీ ఎగసినప్పుడు దాని అడాప్టర్ పోవచ్చు.

ప్రశ్న: మా గదిలో గోడకు కట్టిన కడప బండే బల్ల. దానికి మానిటర్ ఆర్మ్ బిగించొచ్చా? 34 ఇంచుల అల్ట్రావైడ్ పెట్టాలని ఉంది. (కడప)

జవాబు: కడప బండ పొరలు పొరలుగా ఉండే సున్నపురాయి. క్లాంప్ బిగిస్తే బరువంతా అంచున రెండంగుళాల చోట పడుతుంది, పెచ్చు లేచే ప్రమాదం ఉంది. ఆర్మ్ ముందుకు లాగినప్పుడు ఆ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. బండకు బదులు ఇటుక గోడకే బిగించే ఆర్మ్ తీసుకోండి. మానిటర్ వెనక నాలుగు రంధ్రాల మధ్య దూరం 75×75 మిల్లీమీటర్లా, 100×100ఆ అన్నది, ఆర్మ్ మోయగల బరువు, స్టాండు లేని మానిటర్ బరువు ఈ మూడూ సరిచూసుకోండి.

34 అల్ట్రావైడ్ అంటే 3440×1440, 49.5 లక్షల చుక్కలు. అంగుళానికి చుక్కల సాంద్రత 27 అంగుళాల 1440పితో సమానం, ఎత్తూ దాదాపు అంతే. వెడల్పు మాత్రం 80 సెంటీమీటర్లు. కార్ల గేములకు, కథ ఉన్న గేములకు చాలా బాగుంటుంది. వాలొరెంట్‌లో మాత్రం పక్కలకు అదనపు దృశ్యం రాదు, నల్ల పట్టీలే మిగులుతాయి. వంపు ఇంత వెడల్పులో నిజంగా అవసరమే. 1500ఆర్ అంటే 1500 మిల్లీమీటర్ల వ్యాసార్ధం అని అర్థం. అంకె తగ్గేకొద్దీ వంపు ఎక్కువ. ధర విషయంలో ఒక మేలు జరిగింది. 32 అంగుళాలు దాటిన మానిటర్లకు ఇదివరకు 28 శాతం జీఎస్టీ ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 18కి తగ్గింది. పాత రేటు చెబితే బిల్లు మీద పన్ను శాతం చూడండి.

ప్రశ్న: బెంగళూరు ఎస్పీ రోడ్డుకు పోయి కొని, బస్సులో తెచ్చుకోవాలనుకుంటున్నాం. ఓఎల్ఈడీ కూడా చూస్తున్నాం. ఏం జాగ్రత్తలు తీసుకోవాల? (గుంతకల్లు)

జవాబు: డెడ్ పిక్సెల్స్ (పాడైన చుక్కలు) ఎన్ని ఉంటే మారుస్తారో ముందే అడగండి. ఒక్కటి ఉన్నా మారుస్తామనే కంపెనీలు తక్కువ, నాలుగైదు దాటితేనే అనేవీ ఉన్నాయి. వారంటీలో మనిషి ఇంటికి వస్తాడా, మీరే మోసుకెళ్లాలా అన్నది గుంతకల్లు వాళ్లకు రేటు కంటే ముఖ్యం. సర్వీస్ సెంటర్ బెంగళూరులోనే ఉంటే, ఐదొందలు తక్కువకు కొన్న మానిటర్ ఒక్క ట్రిప్పుతో ఆ లాభం తినేస్తుంది.

షాపులోనే పెట్టె విప్పించి వెలిగించి చూడండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు, నలుపు రంగులు ఒక్కొక్కటి తెర నిండా పెట్టించండి. ఆరిపోయిన చుక్కలు తెలుపు మీద, ఆరకుండా వెలిగే చుక్కలు నలుపు మీద దొరుకుతాయి. నలుపు పెట్టినప్పుడు ఐపీఎస్ మూలల్లో వెలుగు కనపడితే తలను పక్కకు జరపండి. వెలుగు కూడా మారితే అది ఐపీఎస్ స్వభావం, లోపం కాదు. తల జరిపినా కదలకుండా ఒకే చోట పసుపుగా నిలిచి ఉంటే అది బ్యాక్‌లైట్ కారడం, అప్పుడు ఇంకొకటి అడగండి.

బస్సులో పెట్టెను నిలబెట్టే తీసుకురండి, పడుకోబెట్టి దాని మీద ఇంకొక సామాను పెట్టనివ్వకండి. పెట్టె, థర్మకోల్ వారంటీ అయ్యేదాకా అటక మీద ఉంచండి. చాలా మానిటర్లు 40 డిగ్రీల వరకే పనిచేసేలా చేసినవి. మన వైపు ఏప్రిల్, మేలలో పగటి ఎండ అది దాటుతుంది. ఎండలో తెచ్చిన దాన్ని వెంటనే వెలిగించకుండా గది చల్లదనానికి రానివ్వండి. గోడకు నాలుగంగుళాలు ఎడంగా పెట్టండి. దుమ్ము పడితే ముందు మెత్తటి బ్రష్‌తో దులిపి, మైక్రోఫైబర్ బట్టను డిస్టిల్డ్ వాటర్‌తో కొద్దిగా తడిపి తుడవండి. అద్దాలు తుడిచే ద్రావణాలు తెర పూతను తినేస్తాయి.

ఓఎల్ఈడీ (ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే తెర) బొమ్మ చాలా బాగుంటుంది, అందులో సందేహం లేదు. నలుపు పూర్తి నలుపే, కదలికలో మసక దాదాపు ఉండదు. కానీ స్కోరు పట్టీ, టాస్క్‌బార్ లాంటి కదలని బొమ్మలు నెలల తరబడి ఒకే చోట ఉంటే వాటి మచ్చ శాశ్వతంగా మిగిలే అవకాశం ఉంది. దాన్ని తగ్గించడానికి మానిటర్ కొన్ని గంటల వాడకం తర్వాత స్టాండ్‌బైలోకి వెళ్లినప్పుడు తనంతట తానే ప్యానెల్‌ను సరిచేసుకుంటుంది. పని అయిపోగానే గోడ స్విచ్ ఆపేయడం మన ఇళ్లలో అలవాటు. అలా ఆపితే ఆ పని ఎప్పటికీ జరగదు. ఓఎల్ఈడీ కొంటే గోడ స్విచ్ ఆపకుండా మానిటర్ మీటతోనే ఆర్పి, మెనూలో పిక్సెల్ రిఫ్రెష్ పూర్తయిందో లేదో చూసుకోండి. కరెంటు తరచూ పోయే వీధిలో ఉంటే, ఆ పని మధ్యలో ఆగకుండా మానిటర్‌ను చిన్న యూపీఎస్‌కి కలపండి.